నిమ్మతొక్క చేదు

పోయినవారం కేకులమ్మ నోరు విప్పాల్సిన చోట విప్పలేదు. మామూలుగా ఆవిడ నోటికి తాళం వేసే మనిషి ఇంకా పుట్టలేదు. బేకరీ ముందు ఎవడైనా బండి అడ్డంగా పెట్టాడంటే వాడి ఏడుతరాల వాళ్లూ కదిలి రావాల్సిందే. అలాంటి మనిషి నొప్పుల డాక్టరమ్మ గదిలో బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. పక్క కుర్చీలో ఆవిడ భర్త, వీధంతా పెద్ద మాస్టారు అని పిలిచే రొట్టెల మాస్టారు, నడుం పట్టుకుని, "మాత్రలు బొత్తిగా పనిచెయ్యడం లేదమ్మా" అన్నాడు.

డాక్టరమ్మ ఆయన్ని వదిలేసి ఈవిడ వైపు తిరిగింది. "మాత్రలు మీ చేత్తోనే ఇస్తున్నారు కదా? తక్కువా ఎక్కువా కాకుండా వేళకే వేసుకుంటున్నారా?"

కేకులమ్మ తల ఊపింది. ఆ ఊపు నమ్మి డాక్టరమ్మ రెట్టింపు బలమున్న మాత్ర రాసింది.

అసలు సంగతి మనకి తెలుసు. కొన్ని నెలలుగా ఆయన మింగుతున్నది మందు కాదు. కేకుల మీద గులాబీలు చేసే పంచదార ముద్దని పల్చగా ఒత్తి, బిళ్లలుగా కత్తిరించి, ఆరబెట్టి, మధ్యలో సూదితో గీత గీసి మందు సీసాలో పోస్తోంది కేకులమ్మ. ముందు నాలుగింట్లో ఒకటి, తర్వాత సగం, ఆ తర్వాత అన్నీ. అసలు మాత్రలు తీసి దాచేస్తోంది.

ఇదేం పిచ్చి అంటారా? ఆవిడ బాధ ఆవిడది. మైదా బస్తాతో మెట్ల మీద జారి పడి, నడుముకి రెండు ఆపరేషన్లయ్యాక కూడా మాస్టారికి నొప్పి పోలేదు. మాత్ర వేసుకుంటే లేచి నిలబడేవాడు, లేకపోతే లేదు. ఆ మాత్రే కొన్నేళ్లకి ఆయన్ని మింగెయ్యడం మొదలెట్టింది. సాయంత్రానివి మధ్యాహ్నమే అయిపోయేవి. సీసా సింకులో పడిపోయిందని ఒకసారి, బస్సులో మర్చిపోయానని ఒకసారి అబద్ధాలు. ఒకరోజు ఓవెన్ ముందు నిలబడే నిద్రపోయి, ఎర్రగా కాలిన ట్రే మీద చెయ్యి పెట్టబోయాడు. అప్పుడు కేకులమ్మ ఒక్కతే వెళ్లి డాక్టరమ్మ దగ్గర ఏడ్చింది. ఆవిడ బంగారంలాంటి మాట చెప్పింది. "ఇది ఆయన చెడ్డతనం కాదమ్మా, మందు చేసే పని. ఆయన్ని తీసుకురండి. ఆయనకి చెప్పే, ఆయన్ని అడిగే, నెమ్మదిగా తగ్గిద్దాం. మీ అంతట మీరు మాత్రం ఏమీ చెయ్యకండి."

వింటేనా? అడిగితే ఒప్పుకోడు, ఒప్పుకున్నా నిలబడడు అనుకుంది. చేతిలో విద్య ఉంది కదా అని ఇంటికొచ్చి పంచదార ముద్ద కలిపింది.

ఇక ఇవాళ్టి సంగతి. కొత్త మాత్రల సీసా మధ్యాహ్నం మందుల షాపు నుంచి వచ్చింది. రాత్రి భోజనం కాగానే మొదటిది వేసుకోవాలి. మందు చీటీ చేతికిస్తూ డాక్టరమ్మ అన్న మాట కేకులమ్మ చెవిలో అప్పట్నించీ గింగురుమంటోంది. "పాత మందుకి అలవాటుపడిన ఒళ్లు కాబట్టి ఇది ఇస్తున్నాను. అలవాటు లేని ఒంటికి పడితే నిద్రలోనే ఊపిరి మందగించి ఆగిపోతుంది." అంటూ, ఊపిరి అలా మందగిస్తే ముక్కులో కొట్టమని చిన్న స్ప్రే కూడా ఇచ్చి, ఇంట్లో అందరికీ కనిపించే చోట పెట్టమంది.

పంచదార తింటున్న ఒంటికి ఇంకేం అలవాటు మిగిలుంటుంది? పొద్దు వాలేలోపు ఈవిడ నోరు తెరవాలి. తెరవకపోతే మొగుణ్ణి చేజేతులా చంపుకున్నదవుతుంది. అంత తెలిసీ ఆ స్ప్రేని కేకు అచ్చుల వెనకాల దాచేసింది. ఎవరైనా చూసి ఇదెందుకని అడుగుతారేమోనని సిగ్గు.

*

ఐసింగ్ గది బేకరీకి వెనకపక్క ఉంటుంది. దానికీ ఓవెన్ గదికీ మధ్య ఒక్క గోడ. కేకులమ్మ రెండంతస్తుల పెళ్లికేకు ముందు కూర్చుంది. గులాబీ రేక చెయ్యబోతే చిరిగింది. ఇంకోటి చేస్తే అదీ చిరిగింది.

కిటికీ పక్కన ఎత్తు స్టూలు మీద పెద్ద మాస్టారు కూర్చుని చూస్తున్నాడు. నడుం పోయాక మధ్యాహ్నాలు ఆయన చోటు అదే. ఓవెన్ ఇప్పుడు తమ్ముడి చేతిలో ఉంది. వీధి ఆ తమ్ముణ్ణి చిన్న మాస్టారు అంటుంది. బస్తాలు మొయ్యడం, పిండి కలపడం, కాల్చడం, అన్న చేసిన పనీ తన పనీ కలిపి అతనొక్కడే చేస్తున్నాడు.

"అది గులాబీయా, క్యాబేజీయా?" అన్నాడు పెద్ద మాస్టారు.

కేకులమ్మ నవ్వలేదు. చేతిలో పరికరం పక్కన పెట్టింది. "మీకో మాట చెప్పాలి."

"ఒక్క మాటేనా? నీకు ఒంట్లో బాగానే ఉందా?"

"వేళాకోళం వద్దండీ. ఆ కొత్త మాత్ర మీరు వేసుకోకూడదు."

"ఎందుకని?"

"ఎందుకంటే..." అని ఆగింది. ఎన్ని రోజులు మనసులో వల్లె వేసుకుందో, ఒక్క ముక్కా గుర్తు రాలేదు. చివరికి వాంతి చేసుకున్నట్టు అంతా ఒకేసారి బయటికొచ్చింది. "మీరు ఇన్నాళ్లూ వేసుకుంటున్నవి మాత్రలు కావు. పంచదార బిళ్లలు. నేనే చేశాను, ఈ బల్ల మీదే. డాక్టరమ్మ వద్దంది, అయినా చేశాను. మొన్న ఆవిడ మొహం మీద అడిగితే అబద్ధం చెప్పాను. ఆ కొత్తది వేసుకుంటే మీ ఊపిరి ఆగిపోతుంది. తిట్టండి. ఏమన్నా అనండి. అది మాత్రం వేసుకోకండి."

అని కళ్లు గట్టిగా మూసుకుంది. ఆయన కోపం ఆవిడకి తెలుసు. ఒకసారి పిండి సరిగ్గా పొంగలేదని ట్రే ఎత్తి గోడకేసి కొట్టిన మనిషి.

కళ్లు తెరిచి చూస్తే ఆయన బల్ల అంచున ఎండిన ఐసింగ్‌ని గోటితో గీకుతున్నాడు.

"నిమ్మతొక్క ఎందుకు కలిపావు?" అన్నాడు.

నిమ్మతొక్క మాట ఆవిడ ఎత్తనే లేదు.

"చేదు కోసం," అంది నీరసంగా. "అసలుది చేదుగా ఉంటుంది కదా అని."

"అదే నీ కొంప ముంచింది. లోకంలో ఏ మాత్రైనా నిమ్మకాయ కేకు వాసన వస్తుందా? నడక రాకముందే పంచదార బస్తా మీద కూర్చోబెట్టారు నన్ను. నా నాలుకకే టోపీ పెడదామనుకున్నావా?"

"ఎప్పట్నించి తెలుసు మీకు?"

"మొదటి బిళ్ల నుంచి."

ఆవిడకి ముందు నవ్వొచ్చింది. దొంగతనంగా తలుపు గడియ వేసుకుని, కళ్లజోడు పెట్టుకుని, సూదితో గీతలు గీసిందంతా తలుచుకుని నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"తెలిసీ ఎందుకు ఊరుకున్నారు?"

పెద్ద మాస్టారు ఆవిడ మొహం చూడలేదు. కిటికీ వైపు తిరిగి చెప్పాడు. "ఊరుకోలేదు. వెతికాను. నువ్వు మందు పారేసే మనిషివి కాదు, వాడేసిన కాగితం కప్పులే కడిగి దాస్తావు. ఎక్కడో ఉంటాయనుకున్నాను. వెండి పూసల డబ్బాలో దొరికాయి."

కేకుల మీద చల్లే వెండిరంగు పంచదార పూసల రేకు డబ్బా అది. రంగుల బీరువాలో అన్నిటికన్నా పై అరలో ఉంటుంది. కుర్చీ ఎక్కి అందులో పోసెయ్యడమే గానీ, ఎన్నున్నాయో ఆవిడ ఎప్పుడూ చూసుకోలేదు.

"కింది అరలో పెట్టుంటే నాకు దొరికేవి కావు," అన్నాడు ఆయన. "వంగలేను కదా. నువ్వు తెలివిగా పై అరలో పెట్టావు. నడుం వంగదు గానీ చెయ్యి సాగుతుంది."

కేకులమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "అయితే నేను దాచినవన్నీ..."

"నువ్వు లెక్కగా ఇచ్చేదానివి. డబ్బాకి లెక్కేముంది? ఇదివరకు కన్నా ఎక్కువే మింగాను. నీ పంచదార నీ ముందు, నా మందు నీ వెనకాల."

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. ఈవిడ తీసిన గోతిలో మొగుడు పడ్డాడు. మాన్పిద్దామని చేసిన పని ఆయనకి అడ్డూ అదుపూ లేని సీసా అయి కూర్చుంది. కేకులమ్మకి ఏడుపు రాలేదు, ఒళ్లంతా మండింది. "ఎంత మోసం!" అంది. అనేశాక, మోసం అనే అర్హత తనకెక్కడ ఏడిసిందో గుర్తొచ్చి నాలుక కరుచుకుంది.

"మోసమే," అన్నాడు ఆయన. "పూర్తిగా విను. ఒకరోజు డబ్బా కోసమే ఇటొచ్చాను. తలుపు సందులోంచి చూస్తే నువ్వు బిళ్లలకి గీతలు గీస్తున్నావు. ఒక్కటి వంకరపోతే పక్కన పడేసి మళ్లీ చేస్తున్నావు. చెయ్యి తిమ్మిరెక్కిందనుకుంటా, విదిలించుకుని మళ్లీ పట్టుకున్నావు. పెళ్లికేకుకి కూడా నువ్వంత శ్రద్ధ పెట్టగా నేను చూడలేదు. ఎవరి కోసం? నీ వెనకాల మందు దొంగిలించేవాడి కోసం. నా బతుకు మీద నాకే అసహ్యమేసింది. ఆ రోజు నుంచి ఆ డబ్బా ముట్టుకోలేదు."

"ముట్టుకోకపోతే మరి..."

"జలుబు చేసింది కదా నాకు. నెలపైన అయింది."

కేకులమ్మకి అప్పుడు తెలిసింది. ఆ జలుబు! ముక్కూ కళ్లూ కారడం, ఆగని ఆవలింతలు, వణుకు, చెమటలు, విరేచనాలు. కాళ్లు పీకేస్తున్నాయని మంచం మీద చేపలా కొట్టుకున్నాడు. ఈవిడ వేడినీళ్ల సీసాలు పెట్టింది. పైగా, "ఒక్క జలుబుకే ఇంత యాగీ అయితే పురుడైతే ఏం చేసేవాళ్లో" అని ఎగతాళి కూడా చేసింది. అదంతా మందు ఒంట్లోంచి దిగిపోతున్న బాధ. పక్క మీదే పడుకుని తెలుసుకోలేకపోయింది.

"ఒక్కళ్లే పడ్డారా అదంతా?" అంది. "నాతో చెబితే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లేదాన్ని కదండీ. అంత బాధ లేకుండా తగ్గించేది కదా ఆవిడ."

"చెబితే డబ్బా పోతుంది. ముట్టుకోలేదు నిజమే. కానీ తట్టుకోలేకపోతే అక్కడుందిలే అన్న ధైర్యం ఒకటుంది చూడు, అది వదులుకోలేకపోయాను."

"మరి మొన్న డాక్టరమ్మతో మాత్రలు పనిచెయ్యడం లేదని ఎందుకన్నారు?"

"ఏమనమంటావు? నొప్పి నిజం, దానికేం జబ్బు లేదు, నిక్షేపంలా ఉంది. పంచదార పనిచెయ్యడం లేదని చెబితే నువ్వు దొరికిపోతావు. అందుకని మాత్రలు పనిచెయ్యడం లేదన్నాను. నువ్వెలాగూ పక్కనే ఉన్నావు, ఏదో ఒకటి చెబుతావనుకున్నాను."

"మీరు నన్ను కాపాడుతున్నారని నాకేం తెలుసు! నేను నన్ను కాపాడుకుంటున్నాను."

ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. దొందూ దొందే. ఒక్కళ్లు నిజం చెప్పుంటే ఆ రెట్టింపు బలం సీసా ఇంట్లోకి వచ్చేది కాదు. కేకులమ్మ లేచి వెళ్లి, పంచదార అంటిన చేతుల్తోనే ఆయన తల పొట్టకి ఆనించుకుంది. మాస్టారు చిన్నపిల్లాడిలా అలాగే ఉండిపోయాడు. గోడవతల పిండి కలిపే మిషన్ ఆగింది, ఓవెన్ తలుపు మూసిన చప్పుడైంది. సాయంత్రం అమ్మకానికి రొట్టెలు లోపలికి వెళ్లాయన్నమాట.

"రేపు పొద్దున్నే వెళ్దాం," అంది కేకులమ్మ ముక్కు తుడుచుకుని. "ఆవిడ కాళ్ల మీద పడతాను. పాతవీ కొత్తవీ మొత్తం ఆవిడ బల్ల మీద పోసేసి, మళ్లీ మొదట్నించి ఏం చెయ్యమంటే అది చేద్దాం. నొప్పికి ఇంకేదో దారి ఉండకపోదు."

"తిడుతుంది."

"తిట్టనివ్వండి. మీ వంతు కూడా నేనే తింటాను."

కుర్చీ లాక్కుని ఎక్కి, పై అరలోంచి వెండి పూసల డబ్బా దించింది. దించుతున్నప్పుడే తేడా తెలిసింది. మూత తీసింది. అడుగున నాలుగు వెండి పూసలు గలగలమని దొర్లాయి. అంతే.

కేకులమ్మ డబ్బా ఆయన ఒళ్లో పెట్టింది.

మాస్టారు డబ్బాలోకి చూశాడు, మళ్లీ ఆవిడని చూశాడు. "నేను వదిలేసినప్పుడు సగానికి పైనే ఉన్నాయి."

"అవునా."

"నేను తియ్యలేదే. నీ మీద ఒట్టు."

"మీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టండి," అంది. గొంతు పెరగలేదు. పెరిగుంటే ఆయనకి కాస్త నయంగా ఉండేది. "సింకులో పడిపోయిందన్నప్పుడు కూడా నా మీదే ఒట్టు వేశారు. బస్సులో మర్చిపోయానన్నప్పుడూ నా మీదే. ఇంకా నేను బతికున్నానంటే గట్టిపిండాన్నే."

అబద్ధాలు ఎన్ని చెప్పినా నమ్మిన మనిషి, నిజం చెప్పిన ఒక్కరోజు నమ్మలేదు. అందులో ఆవిడ తప్పు లేదని ఆయనకీ తెలుసు. ఖాళీ డబ్బా చేతిలో తిప్పుతూ చాలాసేపు కూర్చున్నాడు. ఉన్నట్టుండి తిప్పడం ఆపాడు.

"తమ్ముడు," అన్నాడు.

"వాడి ఊసెందుకు మధ్యలో?"

"భుజం పీకేస్తోంది అన్నయ్యా, రాత్రుళ్లు నిద్ర లేదు అన్నాడు. నేను మొయ్యాల్సిన బస్తాలు వాడు మోస్తున్నాడు, నేను స్టూలు మీద కూర్చుని చూస్తున్నాను. మనసాగలేదు. నేను మానకముందే, ఈ డబ్బాలోంచే ఒకటి తీసి ఇచ్చాను. వేసుకోరా, హాయిగా పడుకుంటావు అన్నాను. ఒక్కటే ఇచ్చాను. వాడి కళ్ల ముందే తీసిచ్చాను. ఎక్కడుందో చూశాడు వాడు."

చిన్న మాస్టారు ఆవిడకి పేరుకే మరిది గానీ కొడుకు లెక్కే. ఆవిడ కాపురానికొచ్చిన రోజున, బడి సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి, నువ్వేనా మా వదినవి అని అడిగాడు. ఈమధ్య భుజం నొప్పి మాటే ఎత్తడం లేదు. ఈలలు వేసుకుంటూ పనిచేస్తుంటే, పెళ్లి సంబంధం ఏదో మనసులో పడిందనుకుని ఏడిపించింది. చేతులూ ముక్కూ ఊరికే గోక్కుంటుంటే, పిండి పడటం లేదేమోరా, నూనె రాసుకో అంది. కళ్లలో నల్లపాప ఆవగింజంత అయిపోతే, సరిగ్గా నిద్రపోవడం లేదా అని కోప్పడింది. గోక్కోవడం, ఆవగింజ కళ్లు, నిలబడే జోగడం. మొగుడిలో ఏళ్ల తరబడి చూసింది ఇవన్నీ. మరిదిలో కళ్లెదురుగా ఉన్నా కనపడలేదు.

"డబ్బా ఎప్పుడు ఖాళీ అయిందో," అంది.

"ఖాళీ అయితే మానేసుంటాడులే."

"మీరు మానేశారా, సీసా ఖాళీ అయిందని?"

ఇద్దరికీ ఒకేసారి ఒకటే గుర్తొచ్చింది. కొత్త సీసా. మధ్యాహ్నం మందుల షాపుకి వెళ్లి తెచ్చింది చిన్న మాస్టారే.

అప్పుడే వచ్చింది వాసన.

పాల వాసన, వెన్న వాసన, ఈస్ట్ పులుపు, ఏ వాసనైనా ఆ గోడలకి అలవాటే. మాడు వాసన అలవాటు లేదు. ఈ బేకరీలో రొట్టె మాడదు. అన్న చేతి కింద పని నేర్చుకున్నవాడు చిన్న మాస్టారు, మాడిస్తే అన్నం మానేసే రకం. పక్క గదిలో ఓవెన్ గంట మోగుతూనే ఉంది. ఎంతసేపట్నించి మోగుతోందో ఇద్దరూ వినలేదు.

కేకులమ్మ పరిగెత్తింది.

ఓవెన్ గదంతా పొగ. చిన్న మాస్టారు మైదా బస్తాల మీద వెనక్కి వాలి కూర్చుని ఉన్నాడు. గడ్డం ఛాతీకి ఆనుకుంది. అలసిపోయి కునుకు తీస్తున్నట్టే ఉన్నాడు. గురక మాత్రం గురకలా లేదు, గొంతులో నీళ్లు పుక్కిలించినట్టుంది. పక్కన బల్ల మీద కొత్త సీసా, మూత తీసి ఉంది.

"ఒరేయ్! నాన్నా, లేరా!" భుజాలు పట్టి కుదిపింది. లేవలేదు. చెంప మీద కొట్టింది. తల ఇటు నుంచి అటు వాలింది. పెదాలు నీలంగా ఉన్నాయి.

డబ్బాలోంచి రెండేసి తీసుకోవడం అలవాటై ఉంటుంది. సీసాలోంచీ రెండే తీసుకున్నాడేమో. ఆ రెండూ ఇప్పుడు నాలుగుతో సమానమని వాడికెవరు చెప్పారు? చెప్పాల్సిన మనిషి డాక్టరమ్మ ముందు తల ఊపి వచ్చింది.

వంగలేని మాస్టారు వంగాడు. మోకాళ్ల మీద కూలబడి, పళ్లు బిగబట్టి తమ్ముణ్ణి కిందికి లాగి, పక్కకి తిప్పి, తల ఒళ్లో పెట్టుకున్నాడు. "స్ప్రే! ఆ ముక్కులో కొట్టేది ఎక్కడ పెట్టావే?"

అందరికీ కనిపించే చోట పెట్టమంది డాక్టరమ్మ. కేకులమ్మ వెనక్కి ఐసింగ్ గదిలోకి పరిగెత్తి, బీరువాలో అచ్చులన్నీ లాగి పారేసింది. గుండె ఆకారం అచ్చు, నక్షత్రం అచ్చు, పువ్వుల అచ్చు, అన్నీ నేల మీద ఖంగుమన్నాయి. అన్నిటి వెనకా దొరికింది. సిగ్గుకి దాచిన వస్తువు వెతుక్కోవడానికి పట్టిన ఆ కాస్తసేపూ ఆవిడ జన్మలో మర్చిపోదు.

వచ్చి ముక్కులో పెట్టి నొక్కింది. ఇంకో చేత్తో ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి నేల మీద పడేసింది. ఆంబులెన్స్ వాళ్ల గొంతు తాపీగా వచ్చింది. తలుపులు తీసి ఉంచండి అంది. బండి బయలుదేరింది అంది. ఊపిరి తీస్తున్నాడా, ఛాతీ చూస్తూ ఉండండి అంది.

"తీస్తున్నాడు," అన్నాడు మాస్టారు. "ఆగాగి తీస్తున్నాడు."

"ఏం మింగాడమ్మా?"

చిన్న మాస్టారి కుడి గుప్పిలి మూసి ఉంది. కేకులమ్మ వేళ్లు ఒక్కొక్కటీ విప్పింది. అరచేతిలో తెల్లటి మాత్ర ముక్క. గీత దగ్గర విరిచిన సగం. రెండు చాలవని మూడోది విరిచాడో ఏమో. తెల్లగా, సగం గుండ్రంగా, విరిగిన అంచున సూదితో గీసినట్టు సన్నటి గీత ఆనవాలు. కొత్త మాత్రా అలాగే ఉంటుంది, ఆవిడ చేసినవీ అలాగే ఉంటాయి. అంత బాగా చేసింది మరి. ఆవిడ పంచదార బిళ్లల సీసా వంటింట్లో అందరికీ అందే చోటే ఉంది. డబ్బా ఖాళీ అయ్యాక వీడు అందులోవి తీసుకుని ఉండొచ్చు కదా! ఈ నిద్ర వట్టి అలసట కావచ్చు కదా! వెర్రి ఆశే. ఆశకి తెలివెక్కడుంటుంది?

"అమ్మా, వినపడుతోందా? ఏం మింగాడో తెలుసా మీకు?"

నెలల తరబడి ఒకటే భయంతో బతికింది ఆ మనిషి, ఆ బిళ్ల తియ్యగా ఉందని ఎక్కడ తెలిసిపోతుందోనని. ఇప్పుడు కళ్లు మూసుకుని, ఒక్కసారి తియ్యగా ఉండు తల్లీ అని ఆ ముక్కకే దణ్ణం పెట్టుకుంది. నాలుక చివర ఆనించింది.

చేదు. అందులో నిమ్మతొక్క వాసన లేదు.

"తెలుసు," అంది కేకులమ్మ ఫోన్‌తో. ఈసారి తల ఊపలేదు, గట్టిగానే చెప్పింది. "నొప్పి మాత్ర. బలమైనది. డాక్టరమ్మకి అబద్ధం చెప్పి నేనే ఇంటికి తెప్పించాను."

"సరే అమ్మా. ఇప్పుడు ఛాతీ చూడండి. ఊపిరి తీస్తున్నాడా?"

కేకులమ్మ మరిది ఏప్రాన్ మీద, పిండి మరకల మీద చెయ్యి పెట్టింది. పెద్ద మాస్టారు ఆవిడ మొహంలోకే చూస్తున్నాడు. ఓవెన్ గంట ఇంకా మోగుతూనే ఉంది. ఊపిరికి ఆవిడ చెయ్యి పైకి లేస్తుందేమోనని ఇద్దరూ చూస్తున్నారు.